పైసలు ముట్టాయి సరే, బిడ్డ బరువెంత?

జీతం పడిన సాయంత్రం సోనాపూర్‌లో ఎక్స్ఛేంజి ముందు లైను చూస్తే మన ఊళ్లే కనిపిస్తాయి. జగిత్యాల, సిరిసిల్ల, ఆర్మూరు, కోనసీమ, రాయచోటి. పంపడం అయ్యాక ఇంటికి ఫోన్ చేసి మనం అడిగేవి మూడే మాటలు. పైసలు ముట్టాయా, మిత్తి కట్టారా, పిల్లలు బాగున్నారా? బాగున్నారనే అంటారు. నమ్మేస్తాం.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే మాత్రం అలా చెప్పలేదు. ఐదేళ్లలోపు పిల్లల్లో వయసుకు తగ్గ ఎత్తు ఎదగనివాళ్లు తెలంగాణలో నూటికి 33 మంది, ఆంధ్రలో 31 మంది. రక్తహీనత తెలంగాణలో నూటికి 70 మందికి, ఆంధ్రలో 63 మందికి. వీళ్లలో మన పిల్లలు లేరని ఎవరైనా గుండె మీద చెయ్యేసుకుని చెప్పగలరా?

గల్ఫ్ పైసలొచ్చే ఇంట్లో పొయ్యి వెలగకపోవడం ఉండదు. కానీ ఏం పెడుతున్నారు? టీలో ముంచిన బిస్కెట్టు, పప్పు మీది తేట, ఏడిస్తే చిప్స్ ప్యాకెట్టు. సెలవుకెళ్తూ మనం మోసుకెళ్లేదీ చాక్లెట్లే కదా!

మన క్యాంపుల్లో పక్క మంచం మీద పడుకునే బంగ్లాదేశీ సోదరుల దేశంలో 2012 నుంచి 2014 వరకు ఒక ప్రయోగం జరిగింది. పేద తల్లులకు నెలకు 1,500 టాకాలిచ్చారు. ఉత్తర ప్రాంతంలో కొందరికి డబ్బు ఒక్కటే, మరికొందరికి డబ్బుతోపాటు బిడ్డకు ఏం పెట్టాలో వారం వారం కూర్చోబెట్టి చెప్పారు. డబ్బు ఒక్కటే అందిన ఇళ్లలో పిల్లల ఎత్తులో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. రెండూ అందినచోట ఎదుగుదల లేని పిల్లలు నూటికి ఏడుగురికి పైగా తగ్గారు. తల్లులతోపాటు అత్తలను, భర్తలను కూడా పిలిచి చెప్పారు. అసలు కిటుకు ఇక్కడుందని మాకనిపిస్తోంది. మన ఇళ్లలో కోడలికి గుడ్డు సంగతి తెలిసినా గిన్నె అత్త చేతిలో ఉంటుంది, పైసలు మామ ఖాతాలో పడతాయి.

ప్రభుత్వాలూ డబ్బు వేశాయి. 2017లో కేంద్రం మాతృవందన కింద 5,000, తెలంగాణ కేసీఆర్ కిట్ కింద 12,000, ఆడపిల్లయితే 13,000 ప్రకటించాయి. మంచిదే. కానీ స్లాబుకు సిమెంటు ఎంత పోసినా నీళ్లు పట్టకపోతే ఏమవుతుందో మేస్త్రీ పని చేసే మనకు ఇంకొకరు చెప్పాలా? ఆ నీళ్లు పట్టాల్సిన అంగన్‌వాడీ టీచరమ్మకు రిజిస్టర్లు రాయడానికే పొద్దు చాలదు.

తప్పు మనలోనూ ఉంది. దుబాయోళ్ల ఇల్లని పిల్లల్ని అంగన్‌వాడీకి పంపడం చిన్నతనమనుకుంటాం. తెలంగాణలో అక్కడిచ్చే బాలామృతం గేదెల తొట్టిలో పోసే ఇళ్లున్నాయని కూడా విన్నాం. ఆరు నెలల దాకా తల్లిపాలు చాలు. ఆ తర్వాత మెత్తగా కలిపిన పప్పన్నం, గుడ్డు, ఆకుకూర, కాస్త నూనో నెయ్యో. టీ వద్దు, అది ఒంటికి ఇనుము పట్టనివ్వదు. దీనికి పెద్ద ఖర్చేం లేదు.

మన వీసా రెండేళ్లు. బిడ్డ ఎదుగుదలకు ఆయువుపట్టు కూడా ఆ మొదటి రెండేళ్లే. భార్య కడుపుతో ఉండగా విమానమెక్కినవాడు తిరిగెళ్లేసరికి ఆ కాలం చాలావరకు దాటిపోయి ఉంటుంది.

ఉగాదికి, బతుకమ్మకు హాళ్లు బుక్ చేసే మన సంఘాలు ఒక్క పూట పిల్లల డాక్టరుతో క్యాంపుల్లో మాట్లాడించలేవా? అంతదాకా మన పని మనం చేద్దాం. వాట్సాప్‌లో ఇక్కడ కాల్ కలవకపోయినా ఫోటో వస్తుంది. అంగన్‌వాడీలో బరువు తూచి రాసిన కార్డు ఫోటో తీసి నెలనెలా పంపమందాం. ఈసారి ఫోన్ అమ్మకిమ్మని, మిత్తి మాట ఎత్తకముందే అడుగుదాం: ఇవాళ పిల్లకు గుడ్డు పెట్టావా అమ్మా?