మొటిమల మందు పంచుకునే వస్తువు కాదు

ముఖం మనసుకు అద్దం అంటారు పెద్దలు. పదమూడు, పద్నాలుగేళ్ళు వచ్చేసరికి ఆ అద్దం మీద మొటిమలు మొదలవుతాయి. ఇది ప్రాణం తీసే జబ్బు కాదు. అందుకే వార్డెన్ సారుకు చెప్పం, ఇంటికి ఫోన్ చేసినప్పుడు అమ్మకు చెప్పం, డాక్టరు దగ్గరికి అసలే పోం. కానీ లోలోపల కుమిలిపోతాం. గ్రూప్ ఫోటో అంటే వెనక వరుసలో నక్కేవాళ్ళు, జవాబు తెలిసినా క్లాసులో లేచి నిలబడనివాళ్ళు, ఊర్లో పెళ్ళికి కూడా పోనివాళ్ళు మన మధ్యనే ఉన్నారు. ఆ దిగులే వాళ్ళను చాటుగా మందుల షాపుకు నడిపిస్తుంది. ఏదో ఒక ట్యూబు కొని ట్రంకు పెట్టెలో దాచుకుంటారు. వారం తిరిగేసరికి ఆ ట్యూబు గదిలో నలుగురి ముఖాల మీదికి చేరుతుంది.

వల్లూరు హాస్టల్లో చదువుకొని వెళ్ళిన పాత విద్యార్థులం, ఇప్పుడు ఉంటున్న విద్యార్థులం కలిసి ఈ నాలుగు మాటలు రాస్తున్నాం. మా అభిప్రాయం ఒక్కటే. సబ్బు పంచుకున్నట్టు, పౌడరు పంచుకున్నట్టు యాంటీబయాటిక్ ట్యూబును పంచుకోకూడదు. అది మందు. దానికి డాక్టరు ఉండాలి, లెక్క ఉండాలి, గడువు ఉండాలి.

మొటిమ ఎందుకు వస్తుంది?

"వేడి చేసింది" అంటారు ఇంట్లో. "ముఖం సరిగా కడుక్కోడు" అంటారు స్నేహితులు. రెండూ నిజం కాదు. ఈ వయసులో శరీరంలో హార్మోన్లు పెరుగుతాయి. వాటివల్ల చర్మం కింద ఉండే నూనె గ్రంథులు ఎక్కువ జిడ్డును తయారుచేస్తాయి. ఆ జిడ్డు, చర్మం మీద చనిపోయిన కణాలు కలిసి సన్నటి రంధ్రాలను మూసేస్తాయి. మూతపడిన చోట ఒక రకం బ్యాక్టీరియా పెరుగుతుంది. దాని పేరు క్యూటీబ్యాక్టీరియం ఆక్నేస్. అప్పుడు ఆ చోటు ఎర్రబడుతుంది, వాస్తుంది, చీము పడుతుంది. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. గడ్డం, మీసం వచ్చినట్టే ఇదీ వయసుతో వచ్చేదే.

దీన్నిబట్టి ఒక సంగతి అర్థం చేసుకోవాలి. మొటిమకు బ్యాక్టీరియా ఒక్కటే కారణం కాదు. జిడ్డు ఉంది, రంధ్రం మూసుకుపోవడం ఉంది, వాపు ఉంది. యాంటీబయాటిక్ ముఖ్యంగా బ్యాక్టీరియా మీద పనిచేస్తుంది, వాపును కొంత తగ్గిస్తుంది. మూసుకుపోయిన రంధ్రాన్ని అది తెరవలేదు. నల్ల మచ్చల్లాంటి చిన్న చుక్కలు, తెల్ల గింజలు మాత్రమే ఉన్నవాళ్ళు యాంటీబయాటిక్ ఎంత పూసినా లాభం ఉండదని ఇక్కడే తెలిసిపోతుంది.

పెద్ద కర్ర సామెత

చిన్న పామునైనా పెద్ద కర్రతో కొట్టాలని సామెత. పాము విషయంలో అది నిజమే. మొటిమ విషయంలో పనికిరాదు. చిన్నచిన్న మొటిమలకు కూడా క్లిండామైసిన్ జెల్ తెచ్చి నెలల తరబడి ఒక్కదాన్నే పూస్తే ఏమవుతుంది? మందుకు లొంగే బ్యాక్టీరియా చస్తుంది. లొంగనిది మిగులుతుంది. మిగిలిందే పిల్లలు పెడుతుంది. కొన్నాళ్ళకు ముఖం నిండా మందుకు లొంగని బ్యాక్టీరియానే ఉంటుంది. ఇది ఊహించి చెప్పేది కాదు. ఎరిత్రోమైసిన్, క్లిండామైసిన్ పూసుకున్న రోగుల ముఖాల మీద ఇలాంటి మొండి బ్యాక్టీరియా ఉందని అమెరికాలో 1979లోనే బయటపెట్టారు.

పెన్సిలిన్ కనిపెట్టిన అలెగ్జాండర్ ఫ్లెమింగ్ 1945లో నోబెల్ బహుమతి అందుకున్నప్పుడు చేసిన ప్రసంగంలోనే ఈ ప్రమాదం గురించి హెచ్చరించారు. చాలీచాలని మోతాదులో మందు వాడితే సూక్ష్మజీవులు మందుకు అలవాటుపడి బతికిపోతాయని చెప్పారు. ఆ హెచ్చరికను లోకం పెద్దగా పట్టించుకోలేదు. 2019లో ఒక్క ఏడాదిలోనే మందులకు లొంగని బ్యాక్టీరియా నేరుగా కారణమై ప్రపంచంలో సుమారు 12 లక్షల 70 వేల మంది చనిపోయారని శాస్త్రవేత్తలు అంచనా వేశారు.

యాంటీబయాటిక్స్ చరిత్రలో మన తెలుగువాడి చెయ్యి కూడా ఉంది. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లే సంస్థలో పరిశోధనలకు నాయకత్వం వహించారు. అక్కడ బెంజమిన్ డగ్గర్ కనిపెట్టిన ఆరియోమైసిన్ 1948లో లోకానికి తెలిసింది. టెట్రాసైక్లిన్ జాతి మందుల్లో అదే మొదటిది. ఎక్కువ మొటిమలకు డాక్టర్లు ఇప్పుడు రాసే డాక్సీసైక్లిన్ మాత్ర కూడా ఆ జాతిదే. అంతటి కష్టంతో వచ్చిన మందులను మనం స్నో, పౌడరులా రుద్దుకొని పాడుచేయవచ్చా?

హాస్టల్లో ప్రమాదం ఎక్కువ ఎందుకు?

ఇంట్లో ఒకరు తప్పుగా వాడితే ఆ నలుగురితో పోతుంది. హాస్టల్లో అలా కాదు. ఒకే హాలు, ఒకే కుళాయి, పక్కపక్కనే పడకలు. ఒకరి చర్మం మీది బ్యాక్టీరియా ఇంకొకరికి తేలికగా చేరుతుంది. ముఖానికి పూసే యాంటీబయాటిక్ మొటిమల బ్యాక్టీరియానే కాదు, చర్మం మీద ఉండే స్టెఫైలోకోకస్ అనే బ్యాక్టీరియాను కూడా మొండిగా తయారుచేస్తుంది. సెగ్గడ్డలు, చీము పుండ్లు తెచ్చేది అదే. రేపు ఒక తమ్ముడికి కాలు మీద పెద్ద గడ్డ లేస్తే, ఎముకకు చీము పడితే డాక్టరు క్లిండామైసినే రాయవలసి రావచ్చు. ఆ రోజు మందు పనిచేయకపోతే తప్పు ఎవరిది? తా చెడ్డ కోతి వనమెల్లా చెరిచినట్టు అవుతుంది మన పని.

ఇంతకంటే మోసం: కలిపిన క్రీములు

క్లిండామైసిన్ అయినా నయమే, అందులో ఏముందో ట్యూబు మీద చదివితే తెలుస్తుంది. ఒకే ట్యూబులో స్టెరాయిడ్, యాంటీబయాటిక్, తామర మందు మూడూ కలిపిన క్రీములు ఉంటాయి. మొటిమలకూ, నలుపుకూ, తామరకూ, గజ్జికీ అన్నిటికీ అదే ఇచ్చేవాళ్ళున్నారు. పూసిన వారానికి ముఖం నిగనిగలాడుతుంది. దాంతో ఇదేదో మహత్తు అనుకుంటాం. కొన్ని నెలలకు చర్మం పలచబడుతుంది, ఎండలోకి పోతే మండుతుంది, ముఖం మీద సన్నటి ఎర్ర నరాలు తేలతాయి, అవాంఛిత రోమాలు వస్తాయి. కొత్త మొటిమలు కూడా పుడతాయి. ఆపితే ముఖం ఇంకా ఎర్రబడుతుంది కాబట్టి ఆపలేం. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే.

దేశమంతా ఈ బాధ పెరిగింది కాబట్టే, చర్మవ్యాధుల డాక్టర్లు పోరాడగా 2018 మార్చిలో కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టెరాయిడ్ పూత మందులను డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాలని ఆదేశించింది. ట్యూబు మీద బెటామెథాసోన్, మొమెటాసోన్, క్లోబెటాసోల్ లాంటి పేరు కనిపిస్తే అది స్టెరాయిడ్ అని గుర్తుపెట్టుకోండి. మొటిమలకు దాన్ని పూయకూడదు. ఇప్పటికే నెలల తరబడి పూస్తున్నవాళ్ళు భయపడవద్దు, దాచవద్దు. ఆ ట్యూబు తీసుకొని డాక్టరు దగ్గరికి పోండి. దాన్ని ఎలా మాన్పించాలో వాళ్ళకు తెలుసు.

డాక్టరు రాసిస్తే ఎలా వాడాలి?

1. ట్యూబు మీద ఎర్ర గీత ఉందేమో చూడండి. ఎర్ర గీత ఉన్న మందును చీటీ లేకుండా కొనవద్దని కేంద్ర ఆరోగ్య శాఖ 2016లో ప్రచారం మొదలుపెట్టింది. క్లిండామైసిన్ చీటీ మీదే అమ్మాల్సిన మందు. గడువు తేదీ కూడా చూడండి.

2. ముఖాన్ని మామూలు సబ్బుతో మెల్లగా కడిగి, తడి ఆరాక పూయండి. బఠాణీ గింజంత మందు ముఖమంతటికీ చాలు. మొటిమ ఉన్న ఒక్క చుక్క మీదే కాకుండా, మొటిమలు వచ్చే చోటంతా పలచగా రాయాలి. కళ్ళు, పెదవులు, ముక్కు లోపల తగలకూడదు. పూశాక చేతులు కడుక్కోండి.

3. యాంటీబయాటిక్ జెల్‌ను ఒంటరిగా వాడకుండా, బెంజాయిల్ పెరాక్సైడ్ అనే ఇంకో మందుతో కలిపి వాడాలని డాక్టర్లు చెబుతారు. దానికి బ్యాక్టీరియా మొండికేయడం జరగదు. అయితే ఇది చర్మాన్ని కొంచెం ఎండబెడుతుంది, తువ్వాలు, దిండు గలీబు రంగును పోగొడుతుంది. కాబట్టి పాత తెల్ల తువ్వాలు వాడుకోండి.

4. ఓపిక పట్టండి. నాలుగు రోజుల్లో తగ్గదు. తేడా కనబడడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పట్టవచ్చు. త్వరగా తగ్గాలని రెండింతలు పూస్తే మొటిమ తగ్గదు, చర్మం మండుతుంది.

5. ఆపడం కూడా వైద్యమే. జ్వరానికి ఇచ్చిన మందును మధ్యలో మానేయడం తప్పని మనకు తెలుసు. మొటిమల దగ్గర ఇంకో తప్పు ఉంది. పని అయిపోయాక కూడా మానకపోవడం. సుమారు మూడు నెలలు దాటితే డాక్టరును మళ్ళీ కలవకుండా కొనసాగించవద్దు.

6. డాక్టరు యాంటీబయాటిక్ మాత్రలు కూడా రాస్తే, ముఖానికి యాంటీబయాటిక్ జెల్ కూడా వాడాలా అని అడగండి. రెండూ కలిపి వాడవద్దనే సాధారణంగా చెబుతారు. డాక్సీసైక్లిన్ వేసుకునేటప్పుడు ఎండ ఎక్కువ సోకకూడదు. మన కడప ఎండలకు టోపీ తప్పనిసరి.

7. క్లిండామైసిన్ వాడేటప్పుడు నీళ్ళ విరేచనాలు ఎక్కువైతే, రక్తం పడితే వెంటనే మందు ఆపి డాక్టరుకు చూపించండి. ఇది చాలా అరుదు, కానీ తెలిసి ఉండాలి.

8. మొటిమను గిల్లవద్దు. సున్నం, టూత్‌పేస్టు పూయవద్దు. తలకు రాసిన నూనె నుదుటి మీదికి కారకుండా చూసుకోండి.

పిల్లలను తిడితే సరిపోదు

"డాక్టరు దగ్గరికి పోండి" అని రాయడం సులభం. క్లాసు పోతుంది, బస్సు చార్జీ కావాలి, మొటిమలకని చెబితే నవ్వుతారు. ఇవన్నీ మాకు తెలుసు. సబ్బుకు, నూనెకు ఇచ్చే కాస్మెటిక్ ఛార్జీల నుంచే చాలామంది ఈ ట్యూబులు కొంటున్నారనీ తెలుసు. కాబట్టి తప్పంతా పిల్లల మీద వేయడం న్యాయం కాదు. మూడు పనులు చేయాలని పెద్దలను కోరుతున్నాం.

మొదటిది, హాస్టల్లో వైద్య పరీక్షలు జరిగినప్పుడు బరువు, ఎత్తు, రక్తంతో సరిపెట్టకుండా చర్మాన్ని కూడా చూడాలి. గజ్జి, తామర, మొటిమలు మూడూ వేర్వేరని, మూడింటికీ ఒకే క్రీము పనికిరాదని అక్కడే చెప్పాలి. రెండోది, చర్మ సమస్య ఉన్న పిల్లలను నెలకొకసారి ఒక జట్టుగా ప్రభుత్వ ఆసుపత్రికి పంపాలి. వల్లూరుకు కడప దగ్గరే. అక్కడ 2006లో మొదలైన రిమ్స్ ఉంది. ఓపీ చీటీకి భయపడాల్సిన పనిలేదు. మూడోది, పాత విద్యార్థుల్లో నర్సులు, ఫార్మసిస్టులు అయినవాళ్ళు ఏడాదికి ఒక ఆదివారం వచ్చి, ట్యూబు మీద పేరు ఎలా చదవాలో పిల్లలకు నేర్పాలి. వార్షికోత్సవానికి పూలదండ తేవడం కంటే ఇది గొప్ప కానుక.

ఇక మనం చేయవలసింది ఒకటుంది. ముఖం మీద మొటిమలున్నవాడికి పేర్లు పెట్టడం మానేద్దాం. ఆ పేరే వాణ్ణి చాటుగా మందుల షాపుకు పంపుతోంది. పేరు పెట్టకపోతే వాడు నోరు తెరిచి చెబుతాడు. చెబితే డాక్టరు దాకా పోతాడు. ఆ దారి మనమే మూయకూడదు.

తమ్ముళ్ళూ! మొటిమలు చాలామందికి వయసుతో తగ్గిపోతాయి. కానీ తప్పు మందు చేసిన మచ్చ పోదు, మనం మొండిగా మార్చిన బ్యాక్టీరియా మన హాస్టల్లోనే తిరుగుతుంది. అన్నం పంచుకుందాం, పుస్తకం పంచుకుందాం, కష్టం పంచుకుందాం. ట్యూబును మాత్రం ఎవరిది వాళ్ళమే, డాక్టరు చెప్పినన్ని రోజులే వాడుకుందాం.