కంచెకు ఇవతల



గృహ దర్శనాలలో భాగంగా మేము గోదావరి లంకలో ఉన్న ఒక రైతు కుటుంబాన్ని చూడవెళ్ళాము. వారి పెద్దబ్బాయి ఆస్ట్రేలియాలోని మెల్బోర్న్ పట్టణంలో ఉద్యోగం చేస్తున్నాడు. అతడు సెల్‌ఫోనులో పంపిన ఒక ఫోటోను పెద్దది చేయించి, ఫ్రేము కట్టించి, ముందు గదిలో తగిలించారు. నీలి సముద్రం, అందులో నిలువెత్తు రాతి స్తంభాలు, ఇటు ఎత్తైన గట్టు, ఆ గట్టు అంచున నవ్వుతూ మన పిల్లవాడు.

"అయ్యగారూ, ఈ రాళ్ళను పన్నెండుమంది అపొస్తలులు అంటారంటండి. ఎన్నిసార్లు లెక్కపెట్టినా పన్నెండు రావడంలేదు" అన్నారు తల్లిగారు.

ఆమె లెక్కలో తప్పులేదు. మెల్బోర్న్ నుండి కారులో కొన్ని గంటలు ప్రయాణం చేస్తే వచ్చే ఈ స్తంభాలకు పేరు పన్నెండే గాని, ఆ పేరు పెట్టిన నాటికే అవి పన్నెండు లేవు. పూర్వం వీటిని తల్లిపంది, పిల్లలు అని పిలిచేవారట! వీటిలో ఒకటి 2005 జూలై 3న కూలి రాళ్ళకుప్ప అయిపోయింది. అంతకుముందు తీసిన ఫోటోలలో మాత్రమే అది నిలబడి కనిపిస్తుంది. ఇప్పుడు మిగిలినవి ఏడని కొందరు, ఎనిమిదని కొందరు లెక్కిస్తారు.

అంతవరకు మౌనంగా ఉన్న తండ్రిగారు లేచి ఫోటో దగ్గరకు వెళ్ళారు. "లెక్క సంగతి అలా ఉంచండి. ఈ మూలన కంచె చూశారా? కంచె నేలవైపు ఉంది. వీడు సముద్రంవైపు ఉన్నాడు."

మేమూ దగ్గరగా చూశాము. నిజమే. అన్నాళ్ళుగా ఆ ఇంటికి వచ్చినవారందరు పిల్లవాని ముఖమే చూశారు, కాళ్ళు ఎక్కడ ఉన్నవో చూడలేదు.

"గట్టు కింద నీళ్ళు కోసేసినా పైన గడ్డి పచ్చగానే ఉంటదండి. మా కొబ్బరిచెట్లు అలాగే ఏట్లో కలిసిపోయాయి" అన్నారాయన.

లంక రైతు మాట ఆ గట్టుకు కూడా సరిగ్గా సరిపోతుంది. అది మెత్తని సున్నపురాయి. దక్షిణ సముద్రపు అలలు దాని అడుగున కొట్టి కొట్టి మొదట గుహలు తొలుస్తాయి. గుహ అవతలికి చీల్చుకొనిపోతే వంతెనవలె ఒక తోరణం ఏర్పడుతుంది. తోరణం నడుమ కూలితే సముద్రంలో ఒంటరి స్తంభం మిగులుతుంది. ఆ స్తంభాలు పుట్టినది అలాగే, పడిపోయేదీ అలాగే. దగ్గరలోనే లండన్ బ్రిడ్జి అనే రాతి తోరణం ఉండేది. జనం దానిమీద నడిచి కొసవరకు వెళ్ళేవారు. 1990 జనవరి 15న నేలను కలిపే భాగం ఉన్నట్టుండి సముద్రంలో పడిపోయింది. అప్పుడే దాటి వెళ్ళిన ఇద్దరు అవతల చిక్కుకొనగా, హెలికాప్టరు వచ్చి వారిని క్షేమంగా తీసుకొనివచ్చింది.

ఈ సంగతి చెప్పగానే తండ్రిగారు కొడుకుకు ఫోను చేశారు. "ఒక్క నిమిషమే కదా నాన్నా" అన్నాడు అబ్బాయి. "ఆ వంతెన పడటానికి ఎంతసేపు పట్టిందిరా?" అని తండ్రి అడిగితే అటునుండి జవాబు లేదు.

అక్కడ చూడవచ్చినవారికోసం గట్టుమీద కటకటాలతో దారులు, వేదికలు కట్టియున్నారు. ఫోటో అందం అంచుకు వెళ్ళడంలో లేదు, వేళను కనిపెట్టడంలో ఉంది. మిట్టమధ్యాహ్నం రాయి వెలవెలబోతుంది. ఉదయాన, సాయంత్రాన ఏటవాలు ఎండలో అదే రాయి బంగారువన్నెకు తిరుగుతుంది. ఓపికగలవానికి వేదికమీదనే మంచి ఫోటో దొరుకుతుంది.

తల్లిదండ్రులారా, మన పిల్లలు కూడా జలపాతాల దగ్గర, సముద్రపు రాళ్ళమీద, రైలు పట్టాల ప్రక్కన ఫోటోలు తీసుకొని పంపుతున్నారు. ముఖం చూసి మురిసిపోకముందు కాళ్ళు ఎక్కడ ఉన్నవో చూడండి. చూసి ఊరుకొనక, అడగండి.

మొన్న మేము మరల ఆ ఇంటికి వెళ్ళాము. ఫ్రేములో ఫోటో మారింది. సాయంకాలపు ఎండ, ఎర్రబడిన స్తంభాలు, కంచెకు ఇవతల కటకటాలు పట్టుకొని నిలిచిన అబ్బాయి.

"ఇందులో ఎన్ని ఉన్నాయమ్మా?" అని అడిగాము.

"లెక్కపెట్టలేదండి అయ్యగారూ" అన్నారామె. "మా వాడు ఉన్నాడు, అది చాలు."