'సాంప్రదాయం' అంటే ఓనర్ లేని కోడ్ కాదు

లెడ్ జెప్పెలిన్ మొదటి ఆల్బమ్ 1969 జనవరిలో వచ్చింది. రికార్డింగుకి పట్టింది దాదాపు 36 గంటలేనట. మన రిలీజుల్లో టెస్టింగుకే అంతకంటే ఎక్కువ పడుతుంది :) జిమ్మీ పేజ్ గిటార్ గురించి కొత్తగా చెప్పేదేముంది, బ్లూస్‌ని అంత బరువుగా వాయించినవాళ్ళు తక్కువ.

ఒక్కటే నాకు మింగుడుపడదు. అందులో విల్లీ డిక్సన్ పాటలు రెండున్నాయి, రెండిటికీ ఆయన పేరు వేశారు. 'బేబ్ అయామ్ గోనా లీవ్ యూ'కి మాత్రం 'సాంప్రదాయం' అని వేశారు. నిజానికది యాన్ బ్రెడన్ అనే ఆవిడ 1950ల చివర్లో రాసిన పాట. 1962లో జోన్ బాయెజ్ రికార్డు మీద కూడా మొదట అలాగే పడింది, వీళ్ళు అదే నమ్మారు. బ్రెడన్ పేరు చేరేసరికి 1990 వచ్చేసింది.

హెడర్‌లో ఆథర్ పేరు ఎవరో కొట్టేసిన ఫైల్‌ని మనం కాపీ చేసుకున్నట్టన్నమాట. కొట్టేసింది మనం కాకపోవచ్చు, నష్టం మాత్రం రాసినవాళ్ళదే.

అందుకే మన నెల్లూరు తీరంలో, మైపాడులోనో కొత్తకోడూరులోనో, వల లాగేవాళ్ళ పాట ఫోన్లో రికార్డు చేస్తే 'జానపదం' అని ఒక్క ముక్క రాసి వదిలెయ్యకండి. పాడినవాళ్ళ పేరు, ఊరు, ఎవరి దగ్గర నేర్చుకున్నారో అడిగి, వాళ్ళు సరేనంటే రాయండి. రెండు నిమిషాల పని.