పార్టు కొనేముందు... పరీక్ష!

స్విచ్చు నొక్కగానే ఫ్యాను గిర్రున తిరుగుతుంది. తెర మాత్రం నల్లగానే ఉంటుంది. 'మదర్‌బోర్డు పోయినట్టుంది' అంటారెవరో. ఇంకేముంది... ఐరాల నుంచి చిత్తూరుకు బస్సెక్కి, వేలు పోసి కొత్త బోర్డు తెస్తారు. తీరా బిగించాక తెలుస్తుంది, తప్పు ర్యామ్‌దని! ఒకసారి బిగించిన బోర్డును వెనక్కి తీసుకోమంటే కొట్టువాళ్లు మామూలుగా ఒప్పుకోరు. జబ్బేదో తేలకుండా మందు కొనం కదా... కంప్యూటరుకూ అదే సూత్రం.

అసలు కరెంటు వస్తోందా?

ఏ లైటూ వెలగకపోతే ముందు ప్లగ్గు, పవర్ కేబుల్ మార్చి చూడాలి. యూపీఎస్ తీసేసి నేరుగా గోడ ప్లగ్గుకు పెట్టాలి. అప్పుడు పనిచేస్తే లోపం యూపీఎస్‌దే. అయినా చలనం లేకపోతే ఎస్ఎంపీఎస్‌ను అనుమానించాలి. మెకానిక్ దగ్గర మల్టీమీటరు ఉంటే పసుపు వైరులో 12, ఎరుపులో 5, నారింజలో 3.3 వోల్టులు రావాలి. 12కు బదులు 11.4 కన్నా తగ్గినా, 12.6 దాటినా అది పనికిరాదు. ఎస్ఎంపీఎస్ డబ్బాను మాత్రం విప్పొద్దు. ప్లగ్గు తీసేశాక కూడా లోపల షాక్ కొట్టేంత కరెంటు నిల్వ ఉంటుంది.

రబ్బరుతో వైద్యం

ఫ్యాను తిరిగినా తెర వెలగకపోతే మొదట మానిటరు కేబుల్ చూడాలి. తర్వాత ప్లగ్గు పీకి, క్యాబినెట్ ఇనుమును ఓసారి తాకి, ర్యామ్ తీయాలి. దాని బంగారు రంగు అంచును పెన్సిలు చెరిపే రబ్బరుతో మెల్లగా రుద్ది, పొడి దులిపి మళ్లీ పెట్టాలి. చాలాసార్లు దీంతోనే తెర వెలుగుతుంది! లేదంటే ర్యామ్ మొత్తం తీసేసి ఆన్ చేయాలి. స్పీకరున్న కంప్యూటరు 'బీప్' మంటే బోర్డూ, ప్రాసెసరూ దాదాపు క్షేమమే.

చిన్న గుర్తులు

* తేదీ, సమయం ప్రతిసారీ మారిపోతుంటే బోర్డు మీది 'సీఆర్2032' బిళ్ల బ్యాటరీ మారిస్తే చాలు.
* కాసేపు నడిచి ఆగిపోతుంటే ప్రాసెసర్ ఫ్యాను కింద దుమ్ము దులపాలి.
* బోర్డు మీది కెపాసిటర్ల తలలు ఉబ్బాయేమో చూడాలి. 2003-05 మధ్య అమ్మిన డెల్ ఆప్టిప్లెక్స్‌లు ఎన్నో ఇలాగే మూలపడ్డాయి.
* హార్డ్‌డిస్కు టకటకలాడితే పరీక్షలొద్దు. ముందు ఫొటోలు, కాగితాలు వేరేచోటికి కాపీ చేయాలి. పార్టు మళ్లీ కొనొచ్చు, పెళ్లి ఫొటోలు కొనలేం!

అరువే ఆఖరి పరీక్ష

అనుమానం ఒక పార్టు దగ్గర ఆగాక, పక్కింటివాళ్ల దగ్గర బాగా నడుస్తున్న అలాంటిదే ఓ పూట అరువు తెచ్చి పెట్టి చూడాలి. డీడీఆర్3 ర్యామ్ స్థానంలో డీడీఆర్4 పట్టదు కాబట్టి రకం చూసుకోవాలి. ఒకసారికి ఒక్కటే మార్చాలి. రెండు కలిపి మారిస్తే ఏది దోషో ఎప్పటికీ తేలదు. అరువు పార్టుతో కంప్యూటరు లేచిందా... ఇక నిశ్చింతగా చిత్తూరు బస్సెక్కొచ్చు. వెళ్లేటప్పుడు పాత పార్టును సంచిలో వేసుకోవడం మరవొద్దు!