ఆట సరే, ఆగడం మాటేమిటి?

భిలాయ్ ఉక్కు కర్మాగారానికి పొరుగునున్న చరోదా రైల్వే ఊరు. అక్కడి మార్షలింగ్ యార్డులో లోపం బయటపడిన వ్యాగన్ ఎన్ని టన్నులు మోస్తుందని ఎవరూ అడగరు. ముందు సిక్ లైన్‌కు పంపుతారు. బాగైందని తేలాకే రైలుకు తగిలిస్తారు. క్రికెట్ జట్లు మాత్రం ముందు మోత సంగతే చూస్తాయి.

అంబటి రాయుడినే తీసుకోండి. 2002లో, పదిహేడేళ్ల వయసులో, హైదరాబాద్ తరఫున ఆంధ్రపై ఒకే రంజీ మ్యాచ్‌లో డబుల్ సెంచరీ, సెంచరీ బాదాడు. తర్వాత ఆంధ్రకు మారి, 2005-06 సీజన్‌లో హైదరాబాద్‌తో మ్యాచ్‌లోనే అర్జున్ యాదవ్‌తో కలబడ్డాడు. 2007లో బోర్డు గుర్తించని ఇండియన్ క్రికెట్ లీగ్‌లో చేరి దారులు మూసుకున్నాడు. 2009లో బోర్డు క్షమాభిక్ష పెట్టింది. మరుసటేడాదే ముంబై ఇండియన్స్ అతన్ని తీసుకుంది.

ఆ నిర్ణయం తప్పా? స్కోరుబోర్డును అడిగితే కాదంటుంది. 2012 మేలో బెంగళూరుపై 81 పరుగులతో అజేయంగా నిలిచి ముంబైని గెలిపించాడు. అదే రోజు హర్షల్ పటేల్‌తో గొడవపడి మ్యాచ్ ఫీజు మొత్తం జరిమానాగా కట్టాడు. 2018 జనవరిలో చెన్నై సూపర్ కింగ్స్ 2.20 కోట్ల రూపాయలకు కొన్న కొద్ది రోజులకే, దేశవాళీ టోర్నీలో అంపైర్లతో వాగ్వాదానికి బోర్డు రెండు మ్యాచ్‌ల నిషేధం వేసింది. ఆ ఐపీఎల్‌లో అతను చేసినవి 602 పరుగులు. టైటిల్ చెన్నైది. 2023లో రిటైరయ్యే నాటికి అతని ఖాతాలో ఆరు ఐపీఎల్ టైటిళ్లు.

అయితే ఇక్కడ అతన్ని నిలబెట్టింది ప్రతిభ ఒక్కటే కాదు. అతని తప్పులు కోపానివి, క్రమశిక్షణవి. ప్రతిదానికీ ఒక శిక్ష పడింది, దానికో గడువుంది. ఆటనే అమ్మడం వేరు. 2013 స్పాట్ ఫిక్సింగ్ కేసులో శ్రీశాంత్‌కు 2015లో ఢిల్లీ కోర్టు విముక్తి ఇచ్చినా బోర్డు నిషేధం 2020 దాకా సాగింది. అది ముగిశాకే కేరళ అతన్ని ఆడించింది. అమెరికాలో కుక్కల పందేల కేసులో జైలుకెళ్లిన మైకేల్ విక్‌ను 2009లో ఫిలడెల్ఫియా ఈగిల్స్ తీసుకున్నది కూడా శిక్ష పూర్తయ్యాకే.

కాబట్టి జట్టు వేసుకోవాల్సిన ప్రశ్న ఎన్ని పరుగులని కాదు. ఎవరికి నష్టం జరిగింది? లెక్క తేలిందా? మళ్లీ జరిగితే ఏం చేస్తారు? వీటికి జవాబు లేకుండా సంతకం చేయిస్తే అది రెండో అవకాశం కాదు, కొనుక్కున్న మినహాయింపు.

మరో మాట. ఛత్తీస్‌గఢ్ 2016-17లో గానీ సొంత జట్టుతో రంజీలోకి రాలేదు. చరోదా లాంటి ఊళ్ల కుర్రాళ్లకు మొదటి అవకాశమే ఆలస్యంగా దక్కింది. అలాంటి అనామకుడు బ్యాటు విసిరికొడితే మర్నాడు ఇంటికి పంపేస్తారు. క్షమించడం మంచిదే. కానీ ఆ క్షమ సెంచరీలు కొట్టినవాడికే దక్కితే దాన్ని క్షమ అనరు, బేరం అంటారు.