పాట వూరిది, గొంతు ఆమెది

నల్గొండ జిల్లాలో ఇవాళ పెళ్ళి బరాత్ అయినా, బోనాలయినా, వినాయక నిమజ్జనమైనా డిజె లేనిదే కదలడం లేదు. బండి మీద బాక్సులు పేర్చి, ఇళ్ళ కిటికీలు అదిరేలా వేసే ఆ పాటల్లో మన నాట్ల పాటలున్నాయి, కలుపు పాటలున్నాయి, బతుకమ్మ పాటలున్నాయి. వాటి కింద దబ్ దబ్ మని ఒకే తీరుగా కొట్టే దరువు మాత్రం యూరప్ డాన్సు క్లబ్బుల మీదుగా వచ్చింది. దీని గురించి మన సమావేశాల్లో తరచుగా చర్చ వస్తోంది. జానపదాన్ని ఖూనీ చేస్తున్నారనీ, సంస్కృతి పాడైపోతోందనీ కొందరు మిత్రుల ఆవేదన. నాకు ఆ వాదనతో పేచీ వుంది. అన్యాయం జరుగుతున్నది దరువు దగ్గర కాదు, పేరు దగ్గర, పైసల దగ్గర అని నా అభిప్రాయం.

సంస్కృతిని కాపాడాలనే మాట చివరకు ఎవరి మీదికి వస్తుందో మనకు అనుభవమే. అది స్త్రీల బట్టల మీదికి వస్తుంది, స్త్రీల నడక మీదికి వస్తుంది. పొద్దంతా వంగి నాటు వేసిన స్త్రీ రాత్రి బరాత్ లో నాలుగు అడుగులు వేస్తే అది విచ్చలవిడితనం ఎలా అవుతుంది? చంటిపిల్లలూ, రోగులూ, ముసలివాళ్ళూ వున్న ఇళ్ళ ముందు అంత చప్పుడు చేయడం తప్పే. దాన్ని ఆపమనవలసిందే. కానీ చప్పుడు గురించిన ఫిర్యాదు వేరు, స్త్రీల సంతోషం గురించిన ఫిర్యాదు వేరు. ఈ రెంటినీ కలిపి మాట్లాడేవారి పట్ల మనం జాగ్రత్తగా వుండాలి.

ఆ దరువు చరిత్ర కూడా కాస్త తెలుసుకోవాలి. డిస్కో సంగీతం 1970లలో అమెరికాలో నల్లజాతివారూ, స్వలింగ ప్రేమికులూ కలుసుకునే క్లబ్బుల్లో పెరిగింది. యూరప్ లో దానికి యంత్రాలు తోడయ్యాయి. 1977లో జర్మనీలోని మ్యూనిక్ లో సంగీత దర్శకుడు జార్జియో మొరోడర్, నల్లజాతి గాయని డోనా సమ్మర్ కలిసి చేసిన 'ఐ ఫీల్ లవ్' పాటలో వాద్యాల స్థానాన్ని దాదాపుగా సింథసైజర్ ఆక్రమించింది. 1980లో 'కుర్బానీ' సినిమా కోసం పదిహేనేళ్ళ నాజియా హసన్ పాడిన డిస్కో పాట మన దేశమంతా మోగింది. ఆ పదేళ్ళలోనే తెలుగు సినిమా పాటలు కూడా ఆ దారి పట్టాయి. అంటే ఈ దరువు మన వూళ్ళకు నిన్నమొన్న వచ్చింది కాదు. నలభై ఏళ్ళుగా మనతోనే వుంది.

ఆ సంగీతంలో స్త్రీల గొంతులకు ఏం జరిగిందన్నది మనకు ముఖ్యం. 1989లో 'బ్లాక్ బాక్స్' అనే ఇటలీ బృందం 'రైడ్ ఆన్ టైమ్' అనే పాట విడుదల చేసింది. బ్రిటన్ లో ఆ ఏడాది అన్నిటికంటే ఎక్కువ అమ్ముడుపోయిన పాట అదే. తెర మీద పాడుతున్నట్టు పెదవులు కదిపింది ఒక సన్నటి మోడల్. వినిపించిన గొంతు మాత్రం లొలియాటా హాలోవే అనే అమెరికన్ నల్లజాతి గాయనిది. ఆమె 1980లో పాడిన పాట నుంచి ముక్కలు కోసి అతికించారు. ఆమె పేరు లేదు. న్యాయపోరాటానికి దిగాకనే ఆమెకు పరిహారం అందింది. అదే బృందం తర్వాతి పాటలను మార్తా వాష్ అనే మరో నల్లజాతి గాయని చేత పాడించి, వీడియోలో మళ్ళీ ఆ మోడల్ నే చూపించారు. మార్తా వాష్ లావుగా వుంటుంది, అమ్ముడుపోదని ఆ వ్యాపారం లెక్క. ఆమె కూడా కోర్టుకెక్కింది. ఆ కేసుల తర్వాత గొంతు ఎవరిదో పేరు వేయక కంపెనీలకు తప్పలేదు. స్త్రీ శరీరాన్ని ఒకచోట, గొంతును మరొకచోట విడగొట్టి రెంటినీ అమ్ముకోవడం అంటే ఏమిటో ఇంతకంటే స్పష్టంగా చెప్పలేం.

దీనికి ఎదురు నిలిచిన వాళ్ళు కూడా అక్కడే వున్నారు. స్వీడన్ గాయని రాబిన్ 1999లో తన రెండో ఆల్బమ్ లో తన గర్భస్రావం గురించి పాడింది. అమెరికా కంపెనీ ఆ పాటలు మార్చమంది. ఆమె మార్చనంది. ఆ ఆల్బమ్ అమెరికాలో విడుదల కాలేదు. తర్వాత కొత్త బాణీలు కూడా కంపెనీకి నచ్చకపోతే, ఒప్పందం నుంచి బయటపడి 2005లో సొంత కంపెనీ పెట్టుకుంది. 2018లో ఆమె తెచ్చిన 'హనీ' ఆల్బమ్ లో వెనకటి యూరప్ క్లబ్బుల సంగీతం మీద బెంగ అడుగడుగునా వినిపిస్తుంది. ఆ పాత బాణీల మీద ఆమెకున్న ఇష్టాన్ని నేను తక్కువ చేయను. అయితే నాకు అంతకంటే విలువైనదిగా తోచింది, ఆ ఆల్బమ్ లో ఏముండాలో, ఎప్పుడు రావాలో నిర్ణయించుకునే అధికారం పాడిన స్త్రీ చేతిలో వుండటం.

తెలుగులో కూడా ఇటువంటి అడుగు పడింది. 2000లో స్మిత 'హాయ్ రబ్బా' ఆల్బమ్ తెచ్చింది. సినిమా కథానాయికకు గొంతు అరువివ్వకుండా, తన గొంతుతో తన ముఖంతో ఒక అమ్మాయి తెలుగు పాప్ పాడటం అప్పటికి కొత్త. 1973లో 'దేవుడు చేసిన మనుషులు' సినిమాకు ఎల్.ఆర్.ఈశ్వరి పాడిన 'మసక మసక చీకటిలో' పాటను స్మిత కొత్త దరువుతో మళ్ళీ పాడింది. పాట కొత్త బట్ట కట్టుకోవడంలో తప్పేం లేదు. సినిమా పాటల్లో గాయని పేరు దాఖలై వుంటుంది కనుక, ఎన్ని రీమిక్సులు వచ్చినా మొదటి గొంతు ఈశ్వరిదని ఇవాళ కూడా చెప్పగలుగుతున్నాం. మన నాటు మడిలో పాడే స్త్రీకి ఆ పాటి ఆధారం కూడా లేదు.

దేవరకొండ వైపు ఒక వూళ్ళో మాటల మధ్య ఒకామె నాతో అన్నది: "నాట్లేస్తుంటె ఎవలో పిలగాడు ఫోన్ల ఎక్కిచ్చుకపోయిండు. మా అక్క మనుమని బరాత్ ల గదే పాట మోగింది. నా గొంతే అని చెప్తె అందరు నవ్విన్రు. పైసలొద్దు గని అక్కా, పేరన్న వెయ్యొద్దా?"

పైసలొద్దు అనే ఆ మాట దగ్గర నేను ఆగిపోయాను. పైసలెందుకు వద్దు? నాటుకు కూలి వుంది. ఆ కూలి కోసం, కూలి పెంపు కోసం ఈ జిల్లా స్త్రీలు ఎన్నోసార్లు కొట్లాడారు. పాట మాత్రం ప్రేమగా, ఉచితంగా ఇవ్వవలసినదనీ, దానికి ధర అడగడం సిగ్గుచేటనీ స్త్రీలకు నేర్పినదెవరు? ఇంటి చాకిరీకి జీతం లేదని ఏ తర్కంతో చెబుతారో, పాటకు కూలి లేదని చెప్పేదీ ఆ తర్కమే. ఆ పాట మీద డిజె వాళ్ళకు కిరాయి వస్తుంది, యూట్యూబ్ లో పెట్టినవాళ్ళకు ప్రకటనల డబ్బు వస్తుంది. పాడిన దళిత స్త్రీకి, లంబాడా స్త్రీకి ఏమీ రాదు.

"అవి జానపదాలు, ఎవరి సొత్తూ కావు" అని జవాబు వస్తుంది. ఇక్కడే చాలామంది తికమక పడుతున్నారు. పాట వేరు, పాడటం వేరు. తరతరాలుగా వస్తున్న నాట్ల పాట వూరందరిదీ. దాన్ని ఎవరైనా పాడుకోవచ్చు. కానీ ఫలానా రోజు, ఫలానా మడిలో పాడిన ఆ గొంతు ఆమెది. చట్టం కూడా ఈ తేడా గుర్తించింది. 1957 నాటి కాపీరైట్ చట్టంలో 1994 సవరణతో ప్రదర్శకుల హక్కు చేరింది. ప్రదర్శకులంటే ఎవరో చెబుతూ నటులు, గాయకులతో పాటు గారడీవారినీ, పాములాడించేవారినీ కూడా పేర్కొన్నారు. డిగ్రీలు, సభ్యత్వాలు అక్కర్లేదు. ఆ హక్కు 50 ఏళ్ళు వుంటుంది. సొంత వినియోగం, బోధన, పరిశోధన వంటి కొన్ని మినహాయింపులు పోగా, అనుమతి లేకుండా ఆమె పాటను రికార్డు చేసి వ్యాపారం చేయకూడదు. 2012 సవరణ మరో మెట్టు ఎక్కింది. వ్యాపారానికి వాడుకుంటే రాయల్టీ, పాడింది తానేనని చెప్పించుకునే హక్కు, పేరుకు మచ్చ తెచ్చేలా పాటను వికృతం చేస్తే అడ్డుకునే హక్కు ఇచ్చింది. పేరున్న గాయనీ గాయకులు 2013లో తమ హక్కుల కోసం సంఘం పెట్టుకున్నారు. నాటు మడిలో గాయనికి అటువంటి అండ ఏది?

మన రంగం వైపు కూడా ఒకసారి చూసుకుందాం. స్వచ్ఛంద సంస్థలు అచ్చువేసిన పాటల పుస్తకాలు ఎన్నో వున్నాయి. 'సేకరణ' అని సంస్థ పేరు పెద్దక్షరాల్లో వుంటుంది, పాడిన స్త్రీలు 'గ్రామీణ మహిళలు'గా మిగిలిపోతారు. దీనికి భిన్నమైన దారి మన వుద్యమమే వేసింది. 1986లో స్త్రీశక్తి సంఘటన తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర'లో తెలంగాణ సాయుధ పోరాట స్త్రీలు ఎవరి పేరుతో వారు, ఎవరి మాటల్లో వారు మాట్లాడారు. అందుకే ఆ పుస్తకం నిలిచింది. ఈ గడ్డ మీద పాడే స్త్రీ పేరు చిన్న విషయం కాదు. భువనగిరి స్పిన్నింగ్ మిల్లు కార్మికురాలు బెల్లి లలిత తెలంగాణ కోసం పాడినందుకు 1999లో ఆమెను చంపి శరీరాన్ని ముక్కలు చేశారు. గొంతును అంతగా భయపడేవాళ్ళున్న చోట, ఆ గొంతుకు పేరు లేకుండా చేయడం కూడా హింసేనని నేను అనుకుంటాను.

కనుక దరువును తిట్టడం మాని మనం చేయగల పనులు మొదలుపెడదాం. సంఘం సమావేశాల్లో గానీ, పొలం గట్టు మీద గానీ పాట రికార్డు చేసే ముందు పాడే ఆమెను అడగాలి. ఎందుకు వాడతామో ఆమెకు అర్థమయ్యే మాటల్లో చెప్పాలి. పేరు, వూరు, తేదీ రాసి పెట్టాలి. డబ్బు వస్తే ఆమె వాటా ఎంతో ఒక కాగితం మీద రాసుకోవాలి. నలుగురు కలిసి పాడితే నలుగురి పేర్లూ వుండాలి. పొదుపు సంఘాల స్త్రీలు తమ పాటలను తామే రికార్డు చేయించుకుని, తమ సంఘం పేరుతో విడుదల చేసుకోవచ్చు. దానికి యూరప్ దరువు కావాలో డప్పు దరువు కావాలో వాళ్ళే తేల్చుకుంటారు.

సాగర్ ఎడమ కాలువ కింద వానాకాలం నాట్లు పడేలోగా ప్రతి మండలంలో కార్యకర్తలు ఒక నోటుపుస్తకం తెరిచి, తమ వూళ్ళలో పాడే స్త్రీల పేర్లు అందులో ఎక్కించడం మొదలుపెట్టాలని నా విజ్ఞప్తి.