కుటుంబ ఆరోగ్యం: ఆగకుండా మ్రోగే గంట

ఈ నెల మేము వ్రాయదలచిన విషయం చాలా ఇళ్ళలో పైకి మాట్లాడుకోనిది. రొమ్ము క్యాన్సరును గూర్చి, అందులో ఒక రకానికి మందు కనుగొనడానికి 12 ఏళ్ళు పట్టు విడువక శ్రమించిన ఒక పరిశోధకుని గూర్చి చెప్పాలనుకుంటున్నాము. కొన్ని పేర్లు కొత్తగా అనిపించినా ఓపికగా చదవండి. చివర చెప్పబోయే నాలుగు మాటలు ఎవరో ఒక సహోదరికి, ఎవరో ఒక తల్లికి అక్కరకు వస్తాయని మా ఆశ.

రొమ్ము క్యాన్సర్ అని ఒకే పేరుతో పిలుస్తాము గాని అది ఒకే జబ్బు కాదు. ఆసుపత్రిలో పక్కపక్క మంచాల మీద ఉన్న ఇద్దరు స్త్రీలది ఒకే వయసు కావచ్చు, గడ్డ కూడా ఒకే పరిమాణంలో ఉండవచ్చు. అయినా ఒకరికి పనిచేసిన మందు మరొకరికి పనిచేయకపోవచ్చు. దానికి ఒక ముఖ్యమైన కారణం కణం పైపొర మీదనే ఉన్నది.

మన శరీరంలోని ప్రతి కణం చుట్టూ పల్చని పొర ఉంటుంది. ఆ పొర మీద రిసెప్టార్లు అనే మాంసకృత్తులు ఉంటాయి. ఇంటి గుమ్మం దగ్గర పెట్టుకునే గంటతో వాటిని పోల్చవచ్చు. బయటివారు గంట నొక్కితే లోపలివారు లేస్తారు. అలాగే బయటినుండి కబురు వచ్చి రిసెప్టారును తాకినప్పుడు, "పెరుగు, రెండుగా చీలు" అన్న ఆజ్ఞ కణం లోపలికి చేరుతుంది. ఆరోగ్యవంతమైన కణంలో ఈ కబురు అవసరమైనప్పుడే వస్తుంది, పని తీరగానే ఆగిపోతుంది.

ఇటువంటి రిసెప్టార్లలో ఒకదాని పేరు హెర్-2. దీనిని తయారుచేసే జన్యువు మామూలు కణంలో రెండు ప్రతులుగా ఉంటుంది. కొందరి రొమ్ము గడ్డలలో మాత్రం ఆ ప్రతులు ఎన్నో రెట్లు పెరిగిపోతాయి. అప్పుడు గుమ్మం నిండా గంటలే! ఎవరూ నొక్కకపోయినా అవి ఒకదానితో ఒకటి జతపడి మ్రోగుతూనే ఉంటాయి. లోపలి కణం విశ్రాంతి లేకుండా చీలిపోతూనే ఉంటుంది.

ఈ సంగతిని రోగుల జీవితాలతో ముడిపెట్టి చూపినవారు డాక్టర్ డెన్నిస్ స్లామన్. అమెరికాలో లాస్ ఏంజలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఆయన క్యాన్సర్ వైద్యులు. రోగుల గడ్డల నమూనాలను ఆయన సేకరించి భద్రపరచేవారు. జెనెన్‌టెక్ అనే మందుల కంపెనీలో పనిచేసే ఆక్సెల్ ఉల్‌రిచ్ అనే శాస్త్రవేత్త వద్ద హెర్-2 జన్యువు ఉన్నది. ఇద్దరూ చేతులు కలిపారు. 1987లో వారి బృందం 189 గడ్డలను పరీక్షించిన ఫలితం వెలువడింది. దాదాపు 30 శాతం గడ్డలలో ఆ జన్యువు ప్రతులు ఎక్కువగా ఉన్నాయి. అటువంటి స్త్రీలకు జబ్బు త్వరగా తిరగబెడుతోంది, వారి ఆయుష్షు కూడా తగ్గిపోతోంది. (ఇప్పటి లెక్కల ప్రకారం ఈ రకం 15 నుండి 20 శాతం మధ్య ఉంటుంది.)

అప్పటివరకు వైద్యుల చేతిలో ఉన్న ముఖ్యమైన ఆయుధం కీమోథెరపీ. ఇందులో మన తెలుగువారి పాలు కూడా ఉన్నదని పాఠకులు తెలుసుకోవాలి. 1895లో భీమవరంలో పుట్టిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వంలో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాల నుండి మెథోట్రెక్సేట్ అనే మందు వచ్చింది. 1976లో ఇటలీ వైద్యుడు బొనడొన్నా, రొమ్ము ఆపరేషన్ తరువాత మూడు మందులు కలిపి ఇస్తే జబ్బు తిరగబెట్టడం తగ్గుతుందని చూపినప్పుడు, ఆ మూడింటిలో ఒకటి ఇదే. కీమోథెరపీ ఎందరి ప్రాణాలనో నిలిపింది, నేటికీ నిలుపుతోంది. కాని ఈ మందులు త్వరత్వరగా చీలే కణాలన్నిటినీ దెబ్బతీస్తాయి. క్యాన్సర్ కణంతోపాటు వెంట్రుక మొదలు, నోటి పొర, ఎముకలోని మూలుగ కూడా దెబ్బతింటాయి. జుట్టు రాలేది, నోరు పూసేది అందుకే.

గంట మ్రోగకుండా పట్టుకుంటే ఎలా ఉంటుంది? ఇదీ డాక్టర్ స్లామన్ ఆలోచన. హెర్-2ను మాత్రమే అంటిపెట్టుకునే ఒక యాంటీబాడీని జెనెన్‌టెక్ శాస్త్రవేత్తలు మొదట ఎలుక కణాల నుండి తయారుచేశారు, తరువాత దానిని మనిషి శరీరం తిరస్కరించకుండా మార్చారు. అదే ట్రాస్టుజుమాబ్. అది రిసెప్టారును పట్టుకుని కబురును అడ్డగిస్తుంది. అంతేకాక, "శత్రువు ఇక్కడున్నాడు" అని శరీరంలోని రక్షక కణాలకు గుర్తు చూపుతుంది.

దారి సులువుగా లేదు. క్యాన్సర్ మందుల మీద కంపెనీలో చాలామందికి నమ్మకం సన్నగిల్లిన రోజులవి. డాక్టర్ స్లామన్ మళ్ళీ మళ్ళీ వెళ్ళి అడిగారు. డబ్బు చాలనప్పుడు రెవ్లాన్ అనే సౌందర్య సాధనాల కంపెనీ విరాళం ఆదుకుంది. చివరకు జబ్బు ఇతర భాగాలకు పాకిన 469 మంది స్త్రీలతో పెద్ద పరీక్ష జరిగింది. 1998 సెప్టెంబరులో అమెరికా ప్రభుత్వం మందుకు అనుమతి ఇచ్చింది. 2001లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, కీమోథెరపీ మాత్రమే పొందినవారు సగటున 20.3 నెలలు బ్రతికితే, ఈ మందు కూడా కలిపి పొందినవారు 25.1 నెలలు బ్రతికారు.

ఐదు నెలలేనా అని మీరు అనుకోవచ్చు. ఆ ఐదు నెలలే తలుపు తెరిచాయి. 2005లో ఇదే మందును జబ్బు పాకకముందు, ఆపరేషన్ అయిన స్త్రీలకు ఇచ్చి చూసిన పరీక్షల ఫలితాలు వచ్చాయి. జబ్బు తిరగబెట్టే ప్రమాదం దాదాపు సగానికి తగ్గింది. 2019లో డాక్టర్ స్లామన్, ఉల్‌రిచ్, వారితోపాటు మైకేల్ షెపర్డ్ లాస్కర్ పురస్కారం అందుకున్నారు.

మందులో మంచితోపాటు ప్రమాదం కూడా ఉన్నది. గుండె కండరానికి కూడా హెర్-2 కావాలి. 469 మందితో జరిగిన పరీక్షలో, ఒక రకం కీమోథెరపీ మాత్రమే తీసుకున్నవారిలో 8 శాతం మందికి గుండె పనితీరు తగ్గితే, దానితోపాటు ట్రాస్టుజుమాబ్ కూడా తీసుకున్నవారిలో 27 శాతం మందికి తగ్గింది. అందుచేత ఇప్పుడు వైద్యులు ఆ రెండింటినీ సాధారణంగా ఒకేసారి ఇవ్వరు. మందు మొదలుపెట్టకముందు, తరువాత దాదాపు మూడు నెలలకొకసారి గుండెకు ఎకో పరీక్ష చేయిస్తారు.

పరిశోధన అక్కడితో ఆగలేదు. యాంటీబాడీకే కీమోథెరపీ మందును కట్టి, హెర్-2 ఉన్న కణం దగ్గరకే మోసుకుపోయేటట్లు చేశారు. హెర్-2 కొద్దిగానే ఉండి, జబ్బు పాకిన స్త్రీలకు కూడా అటువంటి మందు మేలు చేస్తుందని 2022లో తేలింది.

ఇక ఖర్చు మాట. మొదట్లో ట్రాస్టుజుమాబ్ మన దేశంలో సామాన్యులకు అందేది కాదు. 2014లో బెంగళూరుకు చెందిన బయోకాన్ కంపెనీ తక్కువ ధరకు దానిని పోలిన మందును తెచ్చింది. 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీనిని అత్యవసర మందుల జాబితాలో చేర్చింది. ఇప్పటికీ ఇది చిన్న ఖర్చు కాదు. అయినా ధర విని ఇంటికి తిరిగి వెళ్ళిపోకండి. ప్రభుత్వ పథకం వర్తిస్తుందేమో, తక్కువ ధర రకం దొరుకుతుందేమో ఆసుపత్రిలోనే అడగండి.

ఇప్పుడు మేము ముందుగా చెప్పిన నాలుగు మాటలు. ఒకటి, రొమ్ములో గడ్డ చేతికి తగిలితే నొప్పి లేదు గదా అని ఊరుకోవద్దు. నొప్పి లేని గడ్డనే ముందు చూపించుకోవాలి. రెండు, గడ్డ ముక్క తీసి పరీక్ష చేసినప్పుడు ఇ.ఆర్., పి.ఆర్., హెర్-2 అనే మూడు రిసెప్టార్ల ఫలితాలు రిపోర్టులో ఉన్నాయో లేవో అడగండి. మొదటి రెండూ హార్మోనులకు సంబంధించినవి. అవి ఉంటే మాత్రలతో చేసే వైద్యం కూడా ఉన్నది. మూడు, హెర్-2 ఎదుట 3+ అని ఉంటే ఆ రిసెప్టార్ ఎక్కువగా ఉన్నట్లు లెక్క. 2+ అని ఉంటే అనుమానమే గనుక ఫిష్ అనే మరో పరీక్ష చేయించాలి. నాలుగు, ఈ మందును ఆపరేషన్ చుట్టూ ఇచ్చేటప్పుడు మామూలుగా ఒక సంవత్సరం ఇస్తారు. జుట్టు మళ్ళీ వచ్చింది, మనిషి తేరుకుంది అని మధ్యలో మానిపించవద్దు.

భర్తలకు, అన్నదమ్ములకు, కుమారులకు కూడా ఒక మనవి. మన ఇళ్ళలో స్త్రీ తన నొప్పిని చివరగా చెప్పుకుంటుంది. పిల్లల పరీక్షలు అయిపోనీ, పంట ఇంటికి రానీ అని వాయిదా వేస్తుంది. ఆమె చెప్పేవరకు ఆగకుండా మీరే అడగండి. ఆసుపత్రికి తోడు వెళ్ళండి, ఆ రిపోర్టు కాగితాలు జాగ్రత్తగా దాచండి. ఎక్కడో ఒక వైద్యుడు 12 ఏళ్ళు తలుపులు తట్టి సాధించిన మందు మన ఇంటి మనిషికి సమయానికి అందాలంటే, మొదటి అడుగు మన గుమ్మం నుండే పడాలి.